పాత పడవ కొనుటకు ముందు

నూజివీడు ప్రాంతమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె యింటివారికి చిన్నరసాలు, బంగినపల్లి కలిసిన తోట కొంత కలదు. ఈ యేడు పూత నిలిచినందున తోటమీది పైకము ముందుగనే చేతికి వచ్చినదట. భర్తగారు బందరువైపు ఒక శుభకార్యమునకు పోయి, అచట ఏటిమొగ యొడ్డున బురదలో ఒరిగి పడియున్న తెరచాప పడవ నొకదానిని చూచి వచ్చిరి. కొయ్యపడవ. చాల యేండ్లుగ దానిని నీటిలోనికి దింపినవారు లేరు. అమ్మువాడు చెప్పిన వెలయు తక్కువే. దానిని కొని, బాగుచేయించి, నడుపవలెనని ఆయనకు కోరిక పుట్టినది. నాటినుండి విస్తరి ముందు కూర్చున్నను ఆ మాటయే, లేచినను ఆ మాటయే. "పెద్దపిల్ల చదువునకు దాచదలచిన సొమ్ము అది. వద్దందునా, ఆయన మనసు నొచ్చుకొనును. సరే యందునా, ఏడాది కాపు ఏటిపా లగునేమో. మీ రేమందురు?" అని ఆమె యడిగినది.

మామిడితోటల నడుమ నుండువారికి పడవమీద మోజేమని కొందఱు నవ్వవచ్చును. నూజివీడు మెట్టప్రాంతమే. కాని యా మెట్టమీద కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు, బుడమేరులలో పడి దిగువనున్న కొల్లేటికి చేరుచున్నది. కొల్లేటి లంకలవారు తాటిమ్రాను తొలిచిన దోనెలలో తిరుగుట మన మెఱిగినదే. నూజివీడునకు దక్షిణముగ విజయవాడనుండి ఏలూరునకు పోవు కాలువ యున్నది. 1855లో కృష్ణ యానకట్ట పూర్తియైన పిమ్మట సాగిన కాలువలు పైరులకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఏర్పఱచినవి. ఏలూరివద్ద గోదావరి కాలువ వచ్చి కలియుటచే, లాకులలో ఎక్కుచు దిగుచు, కాకినాడ మొదలు మద్రాసువఱకు సరకుపడవలు పోవుచుండెను. గాలి కలసివచ్చినప్పుడు తెరచాప. రానప్పుడు గట్టువెంట నడచుచు తాడు లాగు మనుష్యులు. రైలు కొంత, మోటారులారి మిగిలినంత ఆ పనిని లాగికొన్నవి. 2008లో కేంద్రప్రభుత్వమువారు ఈ దారిని 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి గాని ఆ తెరచాపలు మరల లేవలేదు.

మామిడిచెట్టునకును పడవకును నేరుగ చుట్టఱికముగూడ కలదు. మన తూర్పుతీరమున అలలను దాటుటకు వాడిన కుట్టుపడవలను—తెల్లవారు మసూలా పడవలని పిలిచినవానిని—తఱచుగ మామిడిపలకలతోనే చేయుచుండిరి. వానికి మేకులు లేవు. పలకల యంచులకు రంధ్రములు పొడిచి కొబ్బరినారత్రాడుతో కుట్టెడివారు. ఒడ్డునకు విసరికొట్టు అలలో బిగువైన మేకుపడవ పగులును. కుట్టుపడవ కొంచెము వంగి సర్దుకొనును. మామిడికఱ్ఱ చవుక, తేలిక; అయితే తేమకును పురుగునకును త్వరగ లొంగును. ఈ సంగతి ఎందుకు చెప్పితిమో ముందు తెలియగలదు.

జాబుతో తీరునది కాదని తలచి, ఆ దంపతులతో కలిసి మేముగూడ పోయి పడవను చూచితిమి. పడవలు కట్టుటలో తల నెఱిసిన వడ్రంగి నొకరిని వెంటబెట్టుకొంటిమి. అది సుమారు 30 అడుగుల పడవ. దూరమునుండి ముచ్చటగనే యున్నది. మొగమున నీలిరంగు, దానిపై తెల్లనిగీత, ఏనాటివో పసుపు కుంకుమల జాడలు. అమ్మువాడు పాత తెరచాపను దులిపి ఇసుకమీద పఱచినాడు. భర్తగారి కన్నులు దానిమీదనే నిలిచినవి. మేస్త్రి దానివంక తిరిగియైన చూడక, వంగి పడవ క్రిందకు దూఱెను.

సుత్తితో ఒక్కొక్క పలకను తట్టుచు పోయెను. మంచిపలక ఖంగుమన్నది. కొన్నిచోట్ల తడిసిన మద్దెలవలె బొద్దుగ మ్రోగెను. అట్టిచోట గ్రుచ్చి చూచుటకు మొనగల దేదైన కావలె ననగా ఆ సోదరి తన సంచినుండి దబ్బనము తీసి యిచ్చినది. కాయలబుట్టలమీద గోనె కుట్టుటకు ఆ దినములలో అది ఎప్పుడును చేతిక్రిందనే యుండునట. దబ్బనము అడుగుపలకలలో నూలుపోగంతయైన దిగలేదు, అవి టేకు. పైవరుసలో రెండు పలకలలో సగమునకు దిగెను. అవి తరువాతివా రెవరో చవుకగ వేసిన మామిడిపలకలు. వెనుకతట్టున, అడుగుదూలము చివర మాత్రము వెన్నలో దిగినట్లు దిగినది. "రంగు మొన్న వేసింది బాబుగారూ. రోగం పాతది" అని మేస్త్రి మెల్లగ ననెను.

లోపలి సిమెంటును కనిపెట్టినది ఆమెయే. అడుగున వంపుకొయ్యల నడుమ నున్నగ పోసి యుండెను. వంటయింటి గచ్చువలె శుభ్రముగ నున్నదే యని ఆమె యనగా మేస్త్రి పెదవి విఱిచెను. కుళ్ళిన కొయ్య మార్చలేనివారు చేయు పని యట యిది. నీరు కొన్నాళ్ళు నిలుచును. కాని సిమెంటు క్రింద తడి చిక్కుకొని, బాగుగ నున్న కొయ్యనుగూడ తినివేయును. తనకు ముందరి యజమానుడు పోయించినదని అమ్మువాడు చెప్పెను. నిజమే కావచ్చును.

సోదరీమణులారా, పడవ నీటివలన చెడునని మన మనుకొందుము. చెఱచునది తఱచుగ క్రిందినుండి తాకు ఉప్పునీరు కాదు, పైనుండి పడి లోపల నిలుచు వాననీరు. గాలియు తేమయు కలిసినచోట బూజు పుట్టి కొయ్యను పిండి చేయును. నిత్యము నీట మునిగియుండు కొయ్యకు గాలి తగులదు గనుక అది యంత త్వరగ కుళ్ళదు. ఉప్పుపట్టిన కొయ్యలోను బూజు తేలికగ పెరుగదు. అందుచే కంబము నాటుచోట, మొగమునను వెనుకను పలకలు వచ్చి కలియుచోట, పైయంచు క్రింది మూలలలో, అనగా వాననీరు జాఱి నిలుచు తావులలో ముందుగ చూడవలెను. మేకులను పరీక్షింపవలెను. ఇనుపమేకు త్రుప్పుపట్టిన కొలదిని చుట్టునున్న కొయ్య నల్లబడి సత్తువ కోల్పోవును. పలక గట్టిగనే యుండును గాని దానిని పట్టియుంచునది ఉండదు. టేకులో సహజముగ నూనె యుండుటచే ఈ బాధ తక్కువ. అందుకే టేకుపడవ పాతదైనను బేరమాడదగియుండును.

ఉప్పునీటిలో మఱొక శత్రువు కలదు. దానిని పురుగు అందురు గాని నిజమునకు అది నత్తల జాతి జీవి. గుండుసూది తలయంత రంధ్రముతో లోన ప్రవేశించి, లోలోపల వ్రేలంత దారులు తొలుచుకొని పోవును. పైన చూచిన పలక చక్కగ నుండును, లోన జల్లెడ. మంచినీటిలో అది బ్రతుకలేదు. అందుచే సముద్రపు పడవలను అప్పుడప్పుడు ఏటి యెగువకు, మంచినీటిలోనికి తెచ్చి కట్టుట మేలు. కార్బైడుతో మగ్గబెట్టిన పండు పైకి పసిమివన్నెగ నుండి, కోయగా లోపల పులుపును జీడితనమును తేలినట్లు పడవలును ఉండును. మామిడిపండును తొడిమవద్ద వాసన చూచి కొను మన యింటి యాడువారు పడవ కొనుటలో మగవారికంటె తక్కువ నేర్పరులని మేము తలంపము.

అయితే చూడగనే భయపెట్టు లోపములలో కొన్ని లోపములే కావు. ఆ పడవ పలకల నడుమ వ్రేలు దూఱు సందు లుండెను. భర్తగారు వానిని చూచి మొగము చిన్నబుచ్చుకొనిరి. మేస్త్రి నవ్వెను. ఎండకాలమున బండిచక్రము ఎండి కట్టు వదులైనప్పుడు మన బండ్లవారు దానిని చెఱువులో నానవేయుదురు గదా! కొయ్య నీరు త్రాగి ఉబ్బి కట్టు బిగియును. పడవయు నంతే. చాలనాళ్ళు ఒడ్డున నెండిన పడవకు సందులు పడుట సహజము. సందులలోని పాతనారను తీసివేసి, క్రొత్తనారయు దూదియు ఉలితో గట్టిగ క్రుక్కి, గుగ్గిలము నూనెలో కాచి పైన పూయుదురు. ఇటీవల తారే యెక్కువ. ఎండిన పడవలో మఱీ బిగించి క్రుక్కినను ముప్పే. కొయ్య ఉబ్బినప్పుడు చోటులేక పలక మేకులనుండి లేచిపోవును. ఎంత బిగువు చాలునో చేయి తిరిగినవానికే తెలియును.

తెరచాప సంగతి మఱచిపోరాదు గాని దానికి ముందుచూపు అక్కరలేదు. తెరచాపయు త్రాళ్ళును మొత్తము ఖర్చులో చిన్నభాగము. కంటికి మాత్రము పెద్దది. తడి చీరను పెట్టెలో పెట్టిన నేమగునో నూలుతెరచాపను తడిగ చుట్టిపెట్టినను అదే యగును. తీరమున వలలను చెట్టుబెరడు కషాయములో ముంచుట ఈ బూజును తప్పించుటకే. కొత్తది కుట్టించుకొనువారు ఒకటి తెలిసికొనవలెను: తెరచాప దుప్పటివలె చదునుగ నుండరాదు. గాలికి నడుమ పొంగునట్లు యంచులను కొంచెము వంపుగ కత్తిరించి, పట్టాలను కొసలలో సన్నము చేసి కుట్టుదురు. రవిక కుట్టనేర్చినవారికి ఇది వెంటనే బోధపడును.

ఇక సొమ్ము మాట. అమ్మువానికిచ్చునది పడవ వెల కాదు, పడవవద్దకు పోవు దారిఖర్చు మాత్రమే. ఒడ్డునుండి కదలించుటకు లారియు కూలీలును, దూలము ముక్క, రెండు మూడు పలకలు, మేకులు, నార, తారు, కంబము, చుక్కాని, మేస్త్రి కూలి—అన్నియు కలిపి చెప్పిన వెలకు మూడింతలు కావచ్చునని మా మేస్త్రి ఇసుకలో పుల్లతో లెక్క వ్రాసి చూపెను. అదియును ఒక్కసారితో తీరునది కాదు. ఏటేట పడవను గట్టెక్కించి, అడుగు గీకి, పూత పూయవలెను. ఈ ఏటేటి ఖర్చును తలపనివారే పడవను బురదలో విడిచి పోవుదురు. ఆ పడవ అచ్చటికి అట్లే వచ్చియుండును.

ఉచితముగ దొరకిన పడవకుగూడ ఇది తప్పలేదు. అమెరికాలో జాషువా స్లోకమను నావికునకు 1892లో ఒక మిత్రుడు "స్ప్రే" అను పాతపడవ నిచ్చెను. అది ఫెయిర్‌హేవెన్ అను ఊర పొలములో ఆనికల మీద నిలిపి, గుడ్డ కప్పబడి యుండెను. దానిని విఱుగగొట్టుటకు వచ్చినాడని ఊరివా రనుకొనిరి. ఆయన దగ్గఱనే ఓకుచెట్టు నఱికి అడుగుదూలము చేసి, ప్రక్కకొయ్యలు, పలకలు ఒకటొకటిగ మార్చి, పదుమూడు నెలలకు పూర్తిచేసెను. సామానులకు పట్టినది 553 డాలర్ల 62 సెంట్లు. కూలి ఆయన చేతులదే. 1895లో బోస్టనునుండి ఒంటరిగ బయలుదేరి 1898లో భూప్రదక్షిణము ముగించి తిరిగివచ్చెను. ఒంటరిగ నట్లు చేసినవారిలో ఆయనయే మొదటివాడు. ఈ కథను విని ఉప్పొంగు పురుషులు తఱచుగ విడిచిపెట్టు భాగమొకటి కలదు: స్లోకము అంతకు ముందే ఓడలకు కప్తానుగ నుండి, చేతులార పడవలు కట్టినవాడు. కొన్నియేండ్లకు అదే పడవలో పోయి ఆయన మరలి రాలేదు.

మనకు స్లోకము లేకున్నను మేస్త్రులు లేకపోలేదు, ఉన్నంతవఱకు. గోదావరిపాయ యొడ్డున కోరంగి ఒకనాడు ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరుపొందిన రేవు. 1802లో అచ్చట ఓడల మరమ్మతుకై డాకు నొకదానిని కట్టిరి. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టినవి; ఏటిమొగ పూడుటతో పెద్దయోడలు రాకపోయెను. కోరంగి పేరు బర్మాకు వలసపోయిన మన కూలీలకు పేరై నిలిచినది. ప్రక్కనున్న తాళ్ళరేవు ప్రాంతమున కొయ్యపడవలు కట్టు నేర్పు మాత్రము తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. అయితే ఫైబరుపడవలు వచ్చిన పిమ్మట, అందును 2004 డిసెంబరు 26వ తేది సునామీ తరువాత తీరమంతట అవియే నిండిన పిమ్మట, చిన్న కొయ్యపడవ కట్టించుకొనువారు తగ్గిరి. పని లేనిచోట నేర్పు నిలువదు. మా మేస్త్రి కొడుకులలో ఒక్కడును బాడిస పట్టలేదట. ఒకడు తలుపులు చేయును, ఒకడు ఆటో నడుపును. పడవ బాగుచేయింపదలచినవా రెవరైనను పలకకంటె ముందు ఈ చేతులను వెదకవలెను. నేర్పు గల చేతులు దొరకినచో టేకు ఎంతకాలమైనను నిలుచును. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన "ట్రింకోమలీ" అను యుద్ధనౌకను ఇంగ్లండులోని హార్టిల్‌పూలునందు 1990 మొదలు 2001 వఱకు బాగుచేసిరి. అసలు కొయ్యలో సగమునకు పైగ నేటికిని దానిలోనే యున్నది.

బాగుపడిన పడవతో ఏమి చేయుదురని ఆ భర్తగారిని మే మడిగితిమి. కొల్లేటిలో పక్షులను చూడవచ్చువారిని ఎక్కించుకొని కొంత సొమ్ము రాబట్టవచ్చునని ఆయన తలంపు. ఇచ్చట మేము కొంచెము కఠినముగ మాటలాడితిమి. 2017 నవంబరు 12వ తేదిని ఇబ్రహీంపట్నము ఫెర్రివద్ద కృష్ణలోను, 2019 సెప్టెంబరు 15వ తేదిని కచ్చులూరువద్ద గోదావరిలోను విహారమునకు పోయిన పడవలు మునిగి ఎన్ని కుటుంబములు దీపము లార్పుకొన్నవో ఎవరును మఱచియుండరు. అనుమతి పత్రము, తగిన పరీక్ష, మనిషికొక తేలుచొక్కా లేనిదే పరుల నెక్కించుకొనుట తగదు. సొంతపిల్లలను ఎక్కించినను తేలుచొక్కా తప్పదు. సొమ్మునకై కాక సంతోషమునకై నడుపుదునన్నచో, దానిని సంతోషపు ఖర్చుగనే లెక్కవ్రాసికొనవలెను. ఆదాయమని పేరుపెట్టి పిల్లచదువు సొమ్మును దానిలో పోయరాదు.

ఆడువారికి తెరచాపతో ఏమి పని యని ఎవరైన ననినచో ఒక మాట చెప్పుడు. 2017 సెప్టెంబరు మొదలు 2018 మే వఱకు "తారిణి" అను తెరచాపనావపై భూమిని చుట్టివచ్చిన మన నౌకాదళపు ఆర్గురు స్త్రీలలో ఇద్దఱు తెలుగువారు: విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు.

ఆ సోదరికి మేము చెప్పిన దిది. పిల్లచదువు సొమ్మును వేఱుగ బ్యాంకులో వేయుడు, దానిని ముట్టరాదు. మిగిలినదానిలో నాల్గవవంతు కంటె ఎక్కువ అమ్మువాని కీయవద్దు. బయానా ఇచ్చుటకు ముందే అడుగున సిమెంటు పగులగొట్టి చూపవలెనని షరతు పెట్టుడు, ఒప్పుకొననిచో తిరిగివచ్చుడు. సిమెంటు క్రింద దూలము చివరి మూరెడు మాత్రమే చెడియున్నచో అతుకుముక్క వేయవచ్చును. సగమువఱకు చెడియున్నచో అది పడవ కాదు, వంటచెఱకు. మేస్త్రి కూలి దినమునకింత యని కాక, పలకకింత, మూరకింత యని పనిమీద వ్రాయించుకొనుడు. పడవ అమ్మువానిదే యని చూపు కాగితము, ఆయన సంతకము, ఇద్దఱు సాక్షులు ఉండవలెను. పాతపడవల మీద అన్నదమ్ముల వాటాలు, అప్పులు తఱచుగ నుండును.

పని పెట్టుకొను కాలముగూడ నియమమే. పూర్వము వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పడవలన్నియు గట్టెక్కి మరమ్మతుకు నిలిచెడివి. మామిడికాయ కోతయు అప్పుడే. సొమ్ము చేతనాడు దినములును, కొయ్య ఆరి లోపములు బయటపడు దినములును ఒకటే యగుట మీకు లాభమే; కాని ఆ యెండలో పలకను తెఱచి విడువరాదు, బీటలు వాఱును. తాటాకు పందిరి వేసి, తడిగోనెలు కప్పి, పలక వెంట పలకగ పని సాగింపవలెను.

నీటిలో దింపిననాడు కొబ్బరికాయ కొట్టి వెంటనే ఎక్కి పోవలదు. ఎంత బాగుగ క్రుక్కినను మొదటి రాత్రి నీరు ఊరును. రేవున గట్టిగ కట్టి, ఇద్దఱు మనుష్యులను వంతులుగ పెట్టి తోడించుచుండవలెను. రెండవనాడు సగము తగ్గును. మూడవనాటికో నాల్గవనాటికో కొయ్య ఉబ్బి బిగిసి, ప్రొద్దున చెంబెడు నీరు మాత్రము మిగులును. అప్పటికిని తగ్గకున్నచో మరల గట్టెక్కింపవలసినదే. తగ్గినచో కంబము నిలిపి, గాలి తక్కువగ నుండు ఉదయమున, తెరచాప సగము చుట్టియే యుంచి, మొల లోతు నీటిలో ఒక గంట త్రిప్పి చూడుడు.